ఎర తాడు ఎవరి చేతిలో ఉంది?

గ్రేట్ వైట్ సొరచేపలను బోనులోంచి చూడడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: నాకు ఈత రాదు. మా ఆయనకు స్కూబా సర్టిఫికెట్ ఉంది. ఇద్దరం ఒకే బోనులో దిగవచ్చా?

దిగవచ్చు. నీటి మట్టంలో తేలే బోనులో ఈదే పనే ఉండదు. బోనును పడవ పక్కకు తాళ్లతో బిగిస్తారు. పై అంచు నీటికి పైనే ఉంటుంది, తల ఎత్తితే గాలి అందుతుంది. అయితే ఈత రాకపోవడం ఒకటి, ముఖం నీళ్లలో పెట్టగానే గుండె దడదడలాడడం మరొకటి. రెండోది మీకు ఉంటే వెళ్లే ముందే దాని సంగతి చూసుకోండి. మాస్కు పెట్టుకుని తొట్టిలో చల్లటి నీళ్లలో ముఖం ముంచి, పది సెకన్లు కళ్లు తెరిచి ఉండండి. వారం రోజులు రోజుకు పదిసార్లు చేస్తే చాలామందికి ఆ దడ తగ్గిపోతుంది.

మీ ఆయన సర్టిఫికెట్ పనికొచ్చేది సముద్రం అడుగుదాకా దించే బోనుకి. దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవుల దగ్గర ఆ ఏర్పాటు ఉంది. అందులోకి శిక్షణ పొందినవాళ్లనే తీసుకుంటారు కాబట్టి అక్కడ మాత్రం మీరిద్దరూ విడిగా దిగాల్సి వస్తుంది.

ప్రశ్న: మెక్సికోలో మూసేశారనీ, దక్షిణాఫ్రికాలో గ్రేట్ వైట్‌లు కనబడడమే లేదనీ అంటున్నారు. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి?

రెండు మాటల్లోనూ నిజం ఉంది. మెక్సికోకు చెందిన గ్వాడలూప్ దీవి నీళ్లు అద్దంలా ఉండేవి, ఫొటోలు తీసేవాళ్లంతా అక్కడికే వెళ్లేవారు. 2023 జనవరిలో ప్రభుత్వం అక్కడ సొరచేపల పర్యాటకాన్ని శాశ్వతంగా ఆపేసింది. ఎవరైనా ఇప్పటికీ గ్వాడలూప్ టికెట్ అమ్మజూపితే డబ్బు కట్టకండి.

దక్షిణాఫ్రికా కథ వేరు. కేప్‌టౌన్ నుంచి రోడ్డు మీద రెండు, రెండున్నర గంటల దూరంలో గాన్స్‌బాయ్ ఉంది. దాని పక్కనున్న క్లైన్‌బాయ్ రేవు నుంచి డయ్యర్ దీవి వైపు పడవలు వెళతాయి. దీవి పక్కన గీజర్ రాక్ మీద వేలకు వేలు కేప్ ఫర్ సీల్స్ ఉంటాయి, వాటి కోసమే గ్రేట్ వైట్‌లు వచ్చేవి. 2017లో ఆ తీరానికి ఐదు గ్రేట్ వైట్‌ల కళేబరాలు కొట్టుకొచ్చాయి, చాలావాటిలో కాలేయం లేదు. అది ఓర్కాల (కిల్లర్ వేల్స్) పని. వెన్ను రెక్కలు ఒరిగిపోయి ఉండే రెండు మగ ఓర్కాలకు అక్కడివాళ్లు పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లు పెట్టారు. ఓర్కాలు వచ్చిపోయిన ప్రతిసారీ గ్రేట్ వైట్‌లు వారాలు, నెలల తరబడి ఆ చోటు వదిలేసేవి. కేప్‌టౌన్ పక్కనున్న ఫాల్స్ బే నుంచి దాదాపుగా మాయమయ్యాయి. 2023 జూన్‌లో మోసెల్ బే దగ్గర స్టార్‌బోర్డ్ ఒక్కటే ఒక పిల్ల గ్రేట్ వైట్‌ను రెండు నిమిషాల లోపే చంపింది. ఆడ గ్రేట్ వైట్ ఈడుకు రావడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పడుతుందని వాటి వెన్నుపూసల మీద జరిగిన పరిశోధన చెబుతోంది. అలాంటి జీవులు ఒకే ఏడాదిలో ఐదు పోవడం ఎంత పెద్ద నష్టమో ఊహించండి. వీటికి చట్టపరమైన రక్షణ ఇచ్చిన మొదటి దేశం దక్షిణాఫ్రికాయే, 1991లో. మనుషుల వేటను నిషేధించిన ఆ చట్టం ఓర్కాల నుంచి కాపాడలేదు కదా.

ఇప్పుడు గాన్స్‌బాయ్‌లో ఎక్కువగా కనిపించేవి బ్రాంజ్ వేలర్ అనే రాగిరంగు సొరలు. అవీ చూడదగ్గవే. చురుకైనవి, గుంపుగా వస్తాయి. కానీ గ్రేట్ వైట్ కోసమే అంత దూరం వెళ్లి దిగులుపడకుండా ఉండాలంటే బుకింగ్‌కు ముందు ఒక్క ప్రశ్న రాసి పంపండి: “గత ముప్ఫై రోజుల్లో ఎన్ని ట్రిప్పులు వెళ్లారు? వాటిలో ఎన్నిట్లో గ్రేట్ వైట్, ఎన్నిట్లో బ్రాంజ్ వేలర్ కనిపించాయి?” పడవలవాళ్లు రోజువారీ లెక్క రాసుకుంటారు. నిజాయితీపరులు అంకెలు పంపుతారు. “ఈ సీజన్ చాలా బాగుంది” అని మాత్రమే జవాబు వస్తే ఇంకొకరిని అడగండి. సొర కనబడకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, మరో ట్రిప్పుకు చీటీ మాత్రమే ఇస్తారా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. చీటీ ఇచ్చేవాళ్లే ఎక్కువ. మర్నాడు విమానం ఎక్కేవాళ్లకు ఆ చీటీ ఎందుకూ కొరగాదు. అందుకే బోను దిగే రోజును ప్రయాణం మొదట్లో పెట్టుకోవాలి.

గ్రేట్ వైట్ ఒక్కటే లక్ష్యమైతే నా సలహా నెప్ట్యూన్ దీవులు. పోర్ట్ లింకన్ నుంచి అరవై డెబ్భై కిలోమీటర్లు, పడవలో మూడు గంటలదాకా పడుతుంది. ఏడాది పొడవునా వెళ్లవచ్చు. పెద్ద ఆడవి ఎక్కువగా వచ్చేది అక్కడి చలికాలం చుట్టూ, అంటే సుమారు ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు లోపల. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కోకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని ఫారలాన్ దీవులకు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పడవలు వెళతాయి. అక్కడ ఎర చల్లనివ్వరు, నీళ్లూ మసకగానే ఉంటాయి. ఓపిక ఉన్నవాళ్లకే ఆ చోటు.

ప్రశ్న: సొర బోనులోకి దూరిన వీడియో చూశాను. కడ్డీలు అంత బలహీనమైనవా?

ఆ వీడియో గ్వాడలూప్‌లో 2016 అక్టోబరులో తీసినది. లోపలున్న మనిషి గాయం లేకుండా బయటపడ్డాడు, సొర పైమూత గుండా బయటికి పోయింది. 2019లో అక్కడే ఇంకొక సొర తల కడ్డీల మధ్య ఇరుక్కుని, నెత్తురు కారి చచ్చిపోయింది. చాలామంది మొదటిది చూసి భయపడతారు. నన్ను బాధపెట్టేది రెండోది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మంచి పడవను ఎంచుకోవడమూ తెలుస్తుంది. సొరచేప వెనక్కి ఈదలేదు. దాని పక్క రెక్కలు విమానం రెక్కల్లా బిగుసుకుని ఉంటాయి, మామూలు చేప రెక్కల్లా వెనక్కి తిప్పి తెడ్డు వేయలేదు. పైగా గ్రేట్ వైట్ ముందుకు కదులుతూ ఉంటేనే మొప్పల గుండా నీళ్లు పారతాయి. ఇరుక్కుంటే గాయంతో పాటు ఊపిరాడకపోవడమూ మొదలవుతుంది. కరిచే క్షణంలో అది కళ్లను వెనక్కి తిప్పేసుకుంటుంది. సీల్ గోళ్ల నుంచి కాపాడుకోవడానికి ఆ ఏర్పాటు. ఆ క్షణం దానికి చూపు లేదు. ముట్టె మీదున్న సన్నని రంధ్రాలతో విద్యుత్తును పసిగట్టి గురి పెడుతుంది. ఉప్పునీటిలో మునిగిన లోహం చుట్టూ బలహీనమైన విద్యుత్తు పుడుతూనే ఉంటుంది. కాబట్టి ఎర తప్పిపోయిన సొరకు దగ్గర్లో తగిలేది బోను. పడవ మోటారును, కడ్డీలను కొరకడం పగతో చేసేది కాదు.

ఇప్పుడు ఎర లాగేవాడి సంగతి. ట్యూనా తలను తాడుకు కట్టి నీళ్లలో వదిలి, సొర వెంటపడగానే దాన్ని లాగుతాడు. బోనుకు సమాంతరంగా, పక్కనుంచి దాటిపోయేలా లాగితే సొర మీ కళ్ల ముందు నుంచి నిండు పొడవునా కనబడి సాగిపోతుంది. నేరుగా బోను మీదికి లాగితే సొర నోరు తెరుచుకుని అదే దిక్కున వస్తుంది. రెండు వందల కిలోలకు పైబడిన ఒళ్లు, ఆగలేదు, వెనక్కి తిరగలేదు. కడ్డీలు ఎంత మందమైతేనేం, సందు ఉన్నచోట ముట్టె దిగబడుతుంది. 2016 నాటి గ్వాడలూప్ సంఘటనలో జరిగిందదే.

కాబట్టి బోను ఉక్కుదా అల్యూమినియందా అని అడగడం కన్నా ఇవి చూడండి. చూడడానికి వదిలిన ఖాళీలో మనిషి మొండెం పట్టేంత చోటు ఉంటే అది ఎక్కువ, అలాంటి బోనులో దిగవద్దు. ఎర తాడు పట్టినవాడికి ఆ ఒక్క పనే ఉండాలి. ఫొటోలు తీస్తూనో, జనంతో కబుర్లు చెబుతూనో తాడు లాగుతుంటే అది చెడ్డ గుర్తు. తాడు నార తాడు అయి ఉండాలి. సొర దాన్ని పట్టేస్తే పళ్లకు తెగిపోవాలి, మింగినా ఒంట్లో కుళ్లిపోవాలి. నైలాన్ తాడు ఆ రెండూ చేయదు. ఇక, ఎర తరచూ సొర నోట్లో పడుతుంటే ఆ పడవ సొరకు తిండి పెడుతున్నట్టే. అలాంటి చోట “మంచి ఫొటో పడింది” అని సంబరపడకండి. దిగివచ్చాక మర్యాదగానే అయినా గట్టిగా చెప్పండి. డబ్బు కట్టినవాళ్లు చెబితే వింటారు.

ప్రశ్న: నెత్తురు, చేపముక్కలు చల్లడం వల్ల సొరలు మనుషులకు అలవాటుపడి ఒడ్డున ఈదేవాళ్లను పట్టుకుంటాయా?

చల్లేది ఎక్కువగా నూరిన సార్డీన్, ట్యూనా, చేపనూనె, సముద్రపు నీళ్లు కలిపిన పలచటి జావ. దాన్ని చమ్ అంటారు. గరిటెతో కొంచెం కొంచెంగా, ఆపకుండా వదులుతారు. అది ప్రవాహం వెంట వాసన దారిలా సాగుతుంది, సొర ఆ దారి పట్టుకుని ఎదురుగా వస్తుంది. మధ్యలో ఆపితే దారి తెగిపోతుంది, మళ్లీ మొదటి నుంచీ వేచి చూడాలి. ఒకేసారి బకెట్లు కుమ్మరిస్తే లాభం లేదు, నీళ్లు మురికవడం తప్ప. దక్షిణ ఆస్ట్రేలియాలో పశువుల నెత్తురు, మాంసం వాడనివ్వరు.

ఇందువల్ల ఒడ్డున దాడులు పెరిగినట్టు రుజువు లేదు. అలాగని ప్రభావమే లేదనడం తప్పు. నెప్ట్యూన్ దీవుల్లో పడవల రాక పెరిగాక సొరలు అక్కడ ఎక్కువ రోజులు ఉండిపోవడం మొదలైందని పరిశోధకులు గమనించారు. దాని తర్వాతే ఎర వేసే రోజుల మీద పరిమితి పెట్టారు. ఆ పరిమితి ఉండాల్సిందేనని నా గట్టి నమ్మకం. వేటాడి బతికే జీవిని పడవ చుట్టూ ఉత్తుత్తి ఎర వెంట తిప్పితే దాని ఒంట్లోని శక్తి ఖర్చవుతుంది, ప్రతిఫలంగా ఏమీ దొరకదు.

ప్రశ్న: నాకు బస్సులోనే వాంతులవుతాయి. సముద్రంలో నాలుగు గంటలు తట్టుకోగలనా?

ఈ ట్రిప్పులు పాడయ్యేది ఎక్కువగా ఇందువల్లే. లంగరు వేసిన పడవ ముందుకు కదలదు, అలల మీద పక్కకు ఊగుతూ ఉంటుంది. దానికి డీజిల్ పొగ, చేపనూనె వాసన తోడు. ప్రయాణంలో బాగున్నవాళ్లు కూడా లంగరు వేసిన పావుగంటకు పడిపోతారు.

సినారిజైన్, డైమెన్‌హైడ్రినేట్ లాంటి మాత్రలు వికారం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయవు. కనీసం గంట, వీలైతే రెండు గంటల ముందు వేసుకోవాలి. నిద్రమత్తు వస్తుంది కాబట్టి ఇంట్లో ఒక సెలవు రోజున వేసుకుని ఒంటికి ఎలా ఉందో చూసుకోండి. చెవి వెనక అంటించే హయోసిన్ పట్టీ బాగా పనిచేస్తుంది, కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి. అంటించిన చేత్తో కన్ను తుడుచుకుంటే కనుపాప విచ్చుకుని చూపు మసకబారుతుంది, చేతులు కడుక్కోవడం మరవద్దు. గ్లకోమా, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు ఆ పట్టీ వాడకూడదు. మందు ఏదైనా డాక్టరును అడిగే మొదలుపెట్టండి.

ఖాళీ కడుపుతో వెళ్లకండి. నూనె, పాలు లేని తేలికపాటి తిండి కొంచెం తినండి. పడవలో నడుమ భాగంలో, వెనకవైపు నిలబడితే ఊపు తక్కువ. చూపు దిగంతం మీద ఉంచాలి. ఫోను తెరిచారా, అయిపోయారు. వచ్చేస్తోందనిపిస్తే గాలివాలు వైపుకు వెళ్లండి, గాలికి ఎదురుగా కక్కితే పక్కవాళ్ల మీద పడుతుంది. ఇంకో సంగతి, నీళ్లలో దిగితే చాలామందికి వికారం తగ్గుతుంది. అందుకని వికారం పడేవాళ్లను మొదటి జట్టులో దింపమని ముందే అడగండి.

ప్రశ్న: నీళ్లు ఎంత చల్లగా ఉంటాయి? ఎంతసేపు ఉండగలం?

గాన్స్‌బాయ్‌లో ఎక్కువ రోజులు 12 నుంచి 17 డిగ్రీల మధ్య. నీటిలో ఒళ్లు గాలిలో కన్నా సుమారు పాతిక రెట్లు వేగంగా చల్లబడుతుంది. 7 మిల్లీమీటర్ల మందం ఉన్న వెట్‌సూట్ (చలికి అడ్డుపడే రబ్బరు సూట్), తలకు హుడ్, కాళ్లకు బూటీలు పడవవాళ్లే ఇస్తారు. సూట్ మెడ దగ్గర, నడుము దగ్గర ఒంటికి అతుక్కోవాలి. వదులైన సూట్‌లోకి ప్రతి కదలికకూ చల్లటి నీళ్లు కొత్తగా దూరి, లోపల వెచ్చబడ్డ నీళ్లను తోసేస్తాయి. సిగ్గుపడకుండా సైజు మార్చమనండి. చేతి తొడుగులు ఇవ్వకపోతే సొంతవి తెచ్చుకోండి, ముందు మొద్దుబారేది వేళ్లే.

దిగగానే ఎవరికైనా ఊపిరి ఎగబీలుస్తుంది. అది చలి దెబ్బ, ఒక నిమిషంలో సర్దుకుంటుంది. ఆ నిమిషం తల పైనే ఉంచి నెమ్మదిగా గాలి వదలండి, తర్వాతే మునగండి. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లకు ఈ దెబ్బే ప్రమాదం, డాక్టరు ఒప్పుకుంటేనే వెళ్లాలి. ఇరవై ముప్ఫై నిమిషాలకు వణుకు మొదలైతే పంతం పట్టకుండా పైకి వచ్చేయండి.

ఈ ట్రిప్పుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బోనులోకి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు. అల లేచినప్పుడల్లా పడవకూ బోనుకూ మధ్య సందు తెరుచుకుని మూసుకుంటుంది. అందులో వేళ్లు పెడితే నలిగిపోతాయి. పడవ వైపు ముఖం పెట్టి, కాళ్లు ముందుగా, సిబ్బంది “ఇప్పుడు” అన్నప్పుడే దిగండి. లోపల పట్టుకోవడానికి వేరే కడ్డీ ఉంటుంది, చేతులెప్పుడూ దాని మీదే. అడుగునున్న కడ్డీ కింద కాలివేళ్లు దూర్చుకుంటే సూట్ మిమ్మల్ని పైకి తేల్చదు.

ప్రశ్న: కొన్నిచోట్ల ఊపిరి బిగబట్టమంటారు, కొన్నిచోట్ల గాలి గొట్టం ఇస్తారు. ఏది మంచిది?

గొట్టం ఉంటే తీరిగ్గా చూడవచ్చు, బుడగల శబ్దం మాత్రం చెవుల్లో మోగుతూ ఉంటుంది. గొట్టం పెట్టుకున్నాక ఒకటే నియమం: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. రెండు మీటర్ల లోతులో పీడనం పైకన్నా 20 శాతం ఎక్కువ. అక్కడ నిండా పీల్చి, బిగబట్టి పైకి లేస్తే ఆ గాలి ఊపిరితిత్తుల్లో అంతే మేరకు వ్యాకోచించాలి. మీటరుకు కాస్త పైబడిన లోతు నుంచి లేచినా ఊపిరితిత్తులు చిరిగే అవకాశం ఉంది. భయం వేసినప్పుడు మనిషి చేసే మొదటి పని ఊపిరి బిగబట్టడం, అందుకే ఇంతగా చెబుతున్నాను. ఉబ్బసం ఉంటే గొట్టం జోలికి వెళ్లేముందు డాక్టరును కలవండి.

గాన్స్‌బాయ్ పద్ధతిలో గొట్టం ఉండదు. పైనున్నవాళ్లు “డౌన్, లెఫ్ట్” అని అరవగానే మునిగి ఎడమకు చూడాలి. సొర దాటిపోవడానికి కొన్ని సెకన్లే. పదిహేను ఇరవై సెకన్లు చాలు. ఎక్కువసేపు ఉండాలని మునిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదలడం మానండి. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, గాలి కావాలన్న తహతహ ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ అయిపోయి స్పృహ తప్పుతుంది.

బోను దిగాక విమానం ఎప్పుడు ఎక్కవచ్చని కూడా అడిగారు. ఊపిరి బిగబట్టి చూసినవాళ్లకు అడ్డేమీ లేదు. అడుగు బోనులో పలుసార్లు దిగినవాళ్లు 18 గంటలు ఆగాలి.

ప్రశ్న: నెలసరి సమయంలో దిగితే ప్రమాదమా?

ప్రమాదం పెరుగుతుందనడానికి ఆధారం లేదు. వెలువడే రక్తం చాలా తక్కువ, వెట్‌సూట్ కూడా అడ్డం ఉంటుంది. పక్కనే గంటల తరబడి చేపనూనె కలుపుతున్నప్పుడు అది లెక్కలోకే రాదు. నిశ్చింతగా దిగండి.

ప్రశ్న: కళ్లద్దాలు వాడతాను. మీసం కూడా ఉంది.

మాస్కులో కళ్లద్దాలు పట్టవు. మెత్తని కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చు, మాస్కులోకి నీళ్లొస్తే కళ్లు మూసుకోండి. మీసం మీద ముక్కు కింద కాస్త వాజెలిన్ రాస్తే నీళ్లు కారడం తగ్గుతుంది.

ప్రశ్న: ఫొటోలు ఎలా తీయాలి? సొరను చూస్తే ఆడదో మగదో తెలుస్తుందా?

వెడల్పు కోణం ఉన్న చిన్న యాక్షన్ కెమెరా చాలు. ఫ్లాష్ వద్దు, నీళ్లలోని నలుసులన్నీ మెరిసి మంచు కురిసినట్టు కనబడతాయి. షట్టర్ 1/250 సెకను, అంతకన్నా వేగంగా పెట్టండి. కెమెరాను మణికట్టుకు కట్టుకోవాలి, కర్రకు తగిలించి కడ్డీల బయటికి చాపకూడదు. మెరిసే ఉంగరాలు, గడియారాలు పడవలోనే వదిలేయండి.

మగదానికి పొట్ట కింది రెక్కల లోపలి అంచు నుంచి వెనక్కి చేతివేళ్లలా రెండు సాగి ఉంటాయి. లేకపోతే ఆడది. పొడవు అంచనాకు బోనునే కొలబద్దగా వాడండి. బోను ఎన్ని మీటర్లో ముందే అడిగి ఉంచుకుంటే, సొర దాని పక్కనుంచి పోతున్నప్పుడు పోల్చి చూడవచ్చు. భయంలో నాలుగు మీటర్ల సొర ఆరు మీటర్లుగా కనబడుతుంది.

నోరు తెరిచిన ఫొటో కోసం అందరూ ఎగబడతారు. నిజంగా విలువైనది వెన్ను రెక్క ఫొటో. దాని వెనక అంచు మీద గాట్లు, వంపులు ప్రతి సొరకూ వేరుగా ఉంటాయి, ఏది ఏదో వాటిని బట్టే గుర్తుపడతారు. రెక్క నీటిపైన ఉన్నప్పుడు పక్కనుంచి, అంచు మొత్తం పట్టేలా పడవ మీద నుంచే తీయండి. ఎడమవైపుదో కుడివైపుదో, తేదీ, గంట, పడవ లంగరు వేసిన చోటు రాసి సిబ్బందికి ఇవ్వండి. పరిశోధకులతో కలిసి పనిచేసే పడవ అయితే ఆ నాలుగు వివరాలతో మీరు చూసిన సొర వాళ్ల జాబితాలో ఇప్పటికే ఉన్నదో, కొత్తదో వెతికి చెబుతారు.